ఎర్రమన్ను పూసిన ఆలుగడ్డలు

భద్రమ్మకు కోపం రాని రోజు ఆ బడిలో ఎవరికీ గుర్తులేదు. బియ్యంలో రాయి కనబడితే కోపం. పప్పు తొందరగా ఉడికితే కోపం. "గింత జల్దీ ఉడికిందంటే దీంట్ల ఏదో కల్తీ ఉన్నది" అంటుంది. పిల్లలు తక్కువ తింటే కోపం, ఎక్కువ తిని కడుపు పట్టుకుంటే ఇంకా కోపం. పినపాక నుంచి అడవి వైపు పోయే రోడ్డు మీద, ఊరి చివర ఉన్న ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. కూరగాయలు ఎంచి తెచ్చేదీ ఆమే. పిల్లలు ఆమెను అవ్వా అని పిలుస్తారు. ఆమె మాత్రం పిల్లలను పేరుతో పిలవదు, తిట్టుతో పిలుస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో తిట్టు. ఒకరి తిట్టు పొరపాటున ఇంకొకరికి వేస్తే, అది పోగొట్టుకున్న పిల్ల అలిగి కూర్చుంటుంది.

ఆమె తెలుగులో తిడుతున్నంతసేపు ఎవరికీ భయం లేదు. కోయ మాటలోకి దిగిందంటే మాత్రం పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా పక్కకు తప్పుకుంటారు.

వంట దించాక మొదట తినేది ఆమే. రుచి చూడటం కాదు, పళ్లెం నిండా పెట్టుకుని తింటుంది. తిన్నాక వంటగది గోడకు ఆనుకుని, కాళ్లు చాపి కూర్చుంటుంది. అలా ఎంతసేపు కూర్చుంటుందో ఆమెకే తెలియాలి. లేచి కొంగు దులుపుకుందంటే బెల్లు కొట్టవచ్చని అర్థం. అప్పటిదాకా పిల్లలు పళ్లేలు పట్టుకుని వరండాలో ఎదురుచూడాల్సిందే. ఒకసారి హెడ్మాస్టరు "ఆలస్యమవుతోందమ్మా" అన్నాడు. "నీ పిల్లల్ని గూడ తెచ్చి ఈడ కూసోబెట్టు సారూ, అప్పుడు జల్దీ చేద్దాం" అంది భద్రమ్మ. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఈ అలవాటు బడిలో వచ్చింది కాదు. భద్రమ్మ పుట్టింది అడవి లోపలి కోయ గూడెంలో. ఇంట్లో గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని వానాకాలంలో అక్కడి వాళ్లు చేదుగడ్డలు తవ్వుకొచ్చేవారు. తీగ కింద నేలలో ఊరే అడవి గడ్డ అది. పచ్చిగా తింటే మనిషి దక్కడు. దాన్ని పలచగా కోసి, బూడిద కలిపి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, గంపలో వేసి రాత్రంతా వాగులో పెట్టాలి. పారే నీళ్లు చేదును ఈడ్చుకుపోతాయి. తెల్లారి మళ్లీ ఉడికించాలి. ఇంత చేశాక కూడా ఇంట్లో పెద్దామె ముందు తిని కూర్చోవాలి. ఆమెకు ఏమీ కాకపోతే అప్పుడు పిల్లలకు.

ఒక ఏడు భద్రమ్మ వాళ్ల అవ్వ చుట్టాల ఊరికి పోయింది. ఆకలికి ఆగలేక పిల్లలు గంపను ముందే వాగులోంచి తీసుకొచ్చి వండుకున్నారు. భద్రమ్మ పుల్లలకు పోయి ఆలస్యంగా వచ్చింది కాబట్టి తినలేదు. ఆమె తమ్ముడు తిన్నాడు. వాడికి ముసలయ్య అని పేరు, ముసలితనం దాకా బతకాలని పెట్టుకున్న పేరు. ఏడేళ్లు కూడా నిండలేదు వాడికి.

తొందరపడే మనుషులంటే భద్రమ్మకు అప్పటినుంచీ కోపమే.

*

బడి వంటకు వచ్చిన చాన్నాళ్లకు, ఒక మార్చి మొదట్లో, అంగడి రోజున, భద్రమ్మ ఆలుగడ్డల కోసం బసవపున్నయ్య దుకాణానికి పోయింది. బసవపున్నయ్య తాతలు ఎప్పుడో కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఆయనకు మిరప తోటలున్నాయి, అంగడి వీధిలో కూరగాయల దుకాణం ఉంది, దుకాణం వెనకే ఇల్లు. ఆయన ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, నవ్వుతూ బేరం చేస్తాడు. భద్రమ్మకు ఆయన నవ్వు చూస్తే కూడా కోపమే.

దుకాణం ముందు రెండు బస్తాలు మూతి విప్పి ఉన్నాయి. ఒకదాంట్లో గడ్డలు శుభ్రంగా ఉన్నాయి కానీ తోలు మీద గోధుమరంగు మచ్చలు, గరుకు గరుకుగా, పొక్కులు లేచి ఎండిపోయినట్టు ఉన్నాయి. రెండోదాంట్లో గడ్డలకు ఎర్రమన్ను అంటుకుని, అప్పుడే చేలోంచి తవ్వి తెచ్చినట్టున్నాయి.

"ఈ మచ్చలవి తీసుకుపో భద్రమ్మా. బడికి కదా, తగ్గించి ఇస్తాను" అన్నాడు బసవపున్నయ్య.

"ఏందీ? తట్టు లేచిన గడ్డలు మా పిల్లలకు పెట్టాల్నా?"

"తోలు తీస్తే పోతాయమ్మా అవి."

"పోతే నీ ఇంట్ల వండుకో. అడవి పోరగాండ్లే గదా, ఏది పడేస్తే అది తింటరనుకున్నవా? గా ఎర్రమన్ను గడ్డలు తియ్యి. మంచియి దాచుకునుడు, రోగపుయి మాకు అంటగట్టుడు!"

బసవపున్నయ్య ఒక క్షణం ఆగాడు. తర్వాత నవ్వాడు. "నీ ఇష్టమమ్మా. ఎర్రమన్నువే తీసుకో" అని బస్తా మూతి తనే కుట్టాడు.

బస్తాను ఆటోలో వేయించుకుని వస్తుంటే భద్రమ్మకు చాలా కాలం తర్వాత కోపం కాస్త తగ్గినట్టనిపించింది. పోట్లాడి మరీ పిల్లలకు మంచి గడ్డలు తెచ్చానని ఆటో అతనికి రెండుసార్లు చెప్పింది.

*

మర్నాడు పొద్దున బడి బోరింగు దగ్గర గడ్డలు తొట్టిలో పోసి కడగటం మొదలుపెట్టింది. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ నీళ్లు పారబోసి మళ్లీ కొత్త నీళ్లు కొట్టింది. మన్ను పోయిన కొద్దీ గడ్డలు ఆకుపచ్చగా తేలాయి. ఒకటి రెండు కాదు, చేయి పెట్టి తిప్పిన ప్రతిసారీ పచ్చవే పైకి వచ్చాయి. కొన్నిటికి ఒక వైపే పచ్చ, కొన్నిటికి చుట్టూ పచ్చ. మొలకలు వచ్చినచోట గోటితో గిల్లేసి పైన మన్ను అద్దిన గుర్తులు కూడా ఉన్నాయి.

భద్రమ్మ ఒకటి విరిచి నాలుక మీద పెట్టుకుంది. చేదు.

అప్పుడే స్కూటీ దిగుతున్న హర్షిత అది చూసింది. హర్షిత ఆ బడిలో కొత్త టీచరు. ఖమ్మంలో ఖానాపురం హవేలి వాళ్ల అమ్మాయి, కెమిస్ట్రీ చదువుకుంది. ఉద్యోగం ఇక్కడ రావడంతో మణుగూరులో గది కిరాయికి తీసుకుని ఉంటోంది. నాలుగేళ్ల కూతురిని చూసుకునే మనిషి లేక రోజూ వెంట తెచ్చుకుంటుంది. ఆ పాప బడి పిల్లలతోనే కూర్చుంటుంది, వాళ్లతోనే తింటుంది. కూతురు తినే ప్రతి మెతుకూ హర్షిత కంటితో తూకం వేస్తుందని భద్రమ్మకు తెలుసు. అందుకని హర్షిత మీద కూడా కొంచెం కోపమే.

"పెద్దమ్మా, అవి వండొద్దు" అంది హర్షిత దగ్గరికి వచ్చి.

"నువ్వు పోయి పాఠం చెప్పుకో మేడం. వంట సంగతి నేను చూసుకుంట."

"అది కాదు. ఎండ తగిలితే గడ్డ పచ్చబడుతుంది. ఆ పచ్చరంగుతో ఏం నష్టం లేదు, ఆకుల్లో ఉండేదే. కానీ రంగు వచ్చిన చోట విషం కూడా పెరుగుతుంది. మీకు చేదు తగిలింది కదా? అదే. చిన్న పిల్లలకు కొంచెం ఎక్కువైనా వాంతులు, విరేచనాలు. ఒకచోట కొంచెం పచ్చ ఉంటే మందంగా కోసి పారేసి మిగతాది వండుకోవచ్చు. ఇవి మొత్తం పచ్చగా ఉన్నాయి."

"ఉడకబెడితే పోతది."

"పోదు పెద్దమ్మా. ఉడకబెట్టినా పోదు, వేయించినా పోదు. ఇంకో రకం దొరకలేదా అంగట్లో?"

"దొరికినయ్. మచ్చలున్నయి. నేనే వద్దన్న."

"ఎలాంటి మచ్చలు?"

భద్రమ్మ చెప్పింది. గోధుమరంగు, గరుకు, పొక్కులు. హర్షిత తల పట్టుకుంది. "అయ్యో, అవే మంచివి! మట్టిలో ఉండే సూక్ష్మజీవుల వల్ల తోలు మీద లేచే గజ్జి అది. లోపలికి పోదు. తోలు తీస్తే చాలు. గడ్డ మెత్తబడి, నీరు కారి, కంపు కొడితే పారెయ్యాలి గానీ, ఊరికే మచ్చ ఉంటే ఏమీ కాదు. ఆ బస్తా తెచ్చి ఉంటే..."

భద్రమ్మ చేతిలోని గడ్డ తొట్టిలోకి విసిరికొట్టింది. నీళ్లు హర్షిత చీర మీద చిందాయి.

"అంటే నేను మంచియి వదిలి విషం తెచ్చిన్నంటవా? నీ పుస్తకంల ఉంటే నిజం, నా చేతిల ఉంటే అబద్ధమా? నేను పుట్టినకాడికెల్లి చేదుగడ్డ తిని పెరిగిన. నీ ఆలుగడ్డ దానికంటె పెద్ద మొనగత్తెనా? కోసి, బూడిదేసి, వాగుల పెడ్త. రేపు వండి పెడ్త. చూస్తవ్."

"చేదుగడ్డ వేరు, ఇది వేరు. నేను ఒప్పుకోను" అంది హర్షిత. "హెడ్మాస్టరు గారు సెలవులో ఉన్నారు, బాధ్యత నాది. కనీసం మా పాపకైతే పెట్టొద్దు."

అన్నాక తను ఏమన్నదో హర్షితకు అర్థమైంది. కానీ ఆలస్యమైంది.

భద్రమ్మ గొంతు తగ్గించింది. అది ఆమెకు అలవాటు లేని పని. "నీ పాపకు పెట్టొద్దు. ఊరి పిల్లలకు పెట్టొచ్చు. గంతేనా మేడం?"

"తప్పయింది పెద్దమ్మా. ఎవరికీ పెట్టొద్దనే నా మాట."

ఆ తర్వాత భద్రమ్మ అన్నదంతా కోయ మాటలోనే. హర్షితకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వరండాలో ఉన్న పిల్లలకు అర్థమైంది. వాళ్లు చప్పుడు చేయకుండా తరగతిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం పిల్లలకు పప్పు, అన్నం.

*

సాయంత్రం సగం బస్తా గడ్డలను భద్రమ్మ ఇంటి వాకిట్లో పోసుకుని కోయటం మొదలుపెట్టింది. భర్త ముత్యాలు అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీగా పనిచేసి, దుమ్ముకు ఊపిరి చెడి ఇంటికి చేరిన మనిషి. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే చురక పెడతాడు.

"టీచరమ్మ మీద కోపం గడ్డల మీద తీస్తున్నవా? కత్తి విరుగుద్ది" అన్నాడు.

"నీ మీద గూడ తియ్యమంటవా?"

"వద్దులే. నాకు ఎట్లాగూ దమ్ము లేదు." కాసేపు దగ్గి, మళ్లీ అన్నాడు. "ఆ పిల్ల చెప్పింది నిజమైతే?"

"నిజమైతే నేను తిన్నప్పుడే తెలుస్తది. అందుకే గద నేను ముందు తినేది."

"దవాఖానాకు నిన్ను మోసుకపోయేటోడు ఎవడు? నేనా?"

భద్రమ్మ కత్తి ఆపలేదు. ముక్కలు పలచగా, ఒక్కటీ మందం కాకుండా కోసింది. పొయ్యిలోంచి బూడిద తీసి జల్లించి కలిపింది. ఉడికించి నీళ్లు పారబోసింది. పొద్దు గూకకముందే గంపను వాగుకు మోసుకుపోయి, పైన బరువుకు రాయి పెట్టి వచ్చింది. వేసవి మొదలు కాబట్టి వాగు సన్నగా పారుతోంది. అయినా పారే నీరు పారే నీరే అనుకుంది.

తెల్లారి గంప తీసి, ముక్కలను మళ్లీ ఉడికించి, చింతపండు పులుసు, ఎండుకారం వేసి తాలింపు పెట్టింది. వాసన బాగా వచ్చింది. ఆ వాసనకే ఆమెకు గెలిచినట్టనిపించింది. గిన్నె నెత్తిన పెట్టుకుని బడికి నడిచింది.

*

పొయ్యి మీద అన్నం, పప్పు ఎక్కించి, కూర గిన్నె పట్టుకుని వరండాలోకి వస్తుంటే హర్షిత ఎదురొచ్చింది. గిన్నె చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"పెద్దమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను. మీరు కూడా తినొద్దు."

"నీ అన్నం, నీ పప్పు పొయ్యి మీద ఉన్నయ్. చూసుకో. నేను ఇది తింట. నాకేం కాకపోతే అప్పుడు మాట్లాడు."

"ఏం కాకపోయినా నేను పిల్లలకు పెట్టనివ్వను."

"నువ్వు పెట్టనియ్యకు. నేను పిలుస్త. ఎవరి మాట వింటరో చూద్దాం."

ఆ మాట నిజమని ఇద్దరికీ తెలుసు. భద్రమ్మ కొంగు దులిపితే పిల్లలు పళ్లేలు పట్టుకుని ఆమె ముందే వరుస కడతారు. టీచరు తలుపుకు అడ్డం నిలబడ్డా కింద నుంచి దూరి వస్తారు.

భద్రమ్మ పళ్లెం నిండా పెట్టుకుంది. మొదటి ముద్దకే పులుసు, కారం కింద నుంచి చేదు పైకి లేచింది. గొంతులో ఏదో గీరినట్టయింది. హర్షిత కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి. భద్రమ్మ ముఖం కదలనివ్వకుండా నమిలింది, మింగింది. ఇంకో ముద్ద. పళ్లెం ఖాళీ చేసి, చేయి కడుక్కుని, గోడకు ఆనుకుని కాళ్లు చాపింది.

పిల్లలకు పాఠం వినబుద్ధి కాలేదు. కిటికీలోంచి తలలు పైకి లేస్తున్నాయి, కిందికి పోతున్నాయి. పులుసు వాసన తరగతిలోకి వచ్చింది. "అవ్వా, ఆలుగడ్డ కూరనా?" అని ఒకడు అరిచాడు. "నోరు మూసుకోర దొంగ ఉడుత!" అంది భద్రమ్మ. గొంతు ఎప్పటిలా రాలేదు.

అన్నం ఉడికింది, పప్పు దిగింది. వరండాలో పళ్లేలు మోగటం మొదలైంది. గొంతు మంట ఛాతీ దాకా వచ్చింది. లేస్తే అయిపోతుంది అనుకుంది భద్రమ్మ. లేచి కొంగు దులిపితే టీచరు ఓడిపోతుంది. ఇంత చిన్న మంటకు, ఇంత చిన్న చేదుకు పిల్లలకు ఏమవుతుంది? ఆమె చేయి కొంగు మీదికి పోయింది.

హర్షిత కూతురు కూడా తన చిన్న పళ్లెం పట్టుకుని పిల్లల మధ్య నిలబడి ఉంది. ఆ పిల్ల పక్కన, సరిగ్గా ముసలయ్య ఎత్తు ఉన్నవాడు ఒకడు, ఆకలికి పళ్లెం అంచు కొరుకుతున్నాడు.

భద్రమ్మ చేయి కొంగు వదిలేసింది. కూర్చుంది. లోపల కోపం ఎంత ఎగిసిందంటే, టీచరు మీదనో, గడ్డల మీదనో, తన మీదనో ఆమెకే తెలియలేదు. కూర్చుంది. నుదుటి మీద చెమట పట్టింది. తల తిరిగింది. కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టు పట్టింది.

అప్పుడు లేచింది. కొంగు దులపలేదు. గోడ పట్టుకుని రెండడుగులు వేసి, కూర గిన్నెను కాలితో తన్నింది. గిన్నె దొర్లి పులుసంతా మట్టిలో పారింది.

"ఎవ్వరు ముట్టొద్దు! గుంట తీసి పూడ్చుండ్రి!" అని అరిచి, అక్కడే వంగి వాంతి చేసుకుంది.

*

దవాఖానాలో సెలైను ఎక్కించారు. ఇంకో టీచరు వెనక పట్టుకుని కూర్చుంటే, హర్షిత స్కూటీ మీద తీసుకొచ్చింది. ముత్యాలు వెనక ఆటోలో, ఆయాసపడుతూ వచ్చాడు. భార్య కళ్లు తెరిచి ఉండటం చూసి, "కూర ఎట్లుంది?" అని అడిగాడు. ఆమె తిట్టింది. తిట్టగలిగింది కాబట్టి ఆయన కుదుటపడి బల్ల మీద కూలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా భద్రమ్మ హర్షిత వైపు తిరిగింది.

"నీ మాటే నెగ్గింది. సంతోషమేనా?"

"సంతోషం ఎక్కడిది పెద్దమ్మా? మీరు కొంగు మీద చేయి వేసినప్పుడు నాకు ప్రాణం పోయినంత పనైంది."

"నేను గిట్ల చేసిన్నని ఊర్ల చెప్పకు."

"చెప్పను."

"చేదుగడ్డ నీళ్ల మాట వింటది. ఇదెందుకు వినలె?"

హర్షిత ఈసారి తొందరపడలేదు. "చేదుగడ్డలో విషం నీళ్లలో కరుగుతుంది. పలచగా కోసి పారే నీళ్లలో పెడితే మెల్లగా పోతుంది. మీవాళ్లు ఎన్ని తరాలు చూసి పట్టుకున్నారో అది. ఆలుగడ్డ విషం నీళ్లలో సరిగ్గా కరగదు, వేడికి విరగదు. ఎక్కువ భాగం ముక్కలోనే ఉండిపోతుంది. మీరు చేసిన పద్ధతి తప్పు కాదు. దీనికి అది పనిచేయదు, అంతే."

భద్రమ్మ పైకప్పు వైపు చూస్తూ "సావుకారి" అంది.

"ఏంటి?"

"మచ్చల బస్తా తీసుకొమ్మన్నడు. నేను వద్దన్న. గప్పుడు నవ్విండు." సెలైను సూది ఉన్న చేయి పిడికిలి బిగిసింది. "మన్ను చేనుల అంటింది కాదు. మొలకలు గిల్లినచోట గూడ మన్నుంది. గిల్లినంక పూసిండ్రు. పచ్చ కనబడద్దని పూసిండ్రు."

*

వచ్చే అంగడి నాటికి ఆమె లేచి తిరుగుతోంది. ముఖం ఇంకా పీక్కుపోయి ఉంది. మిగిలిన సగం బస్తాను ఆటోలో వేయించుకుంది, ఒక బకెట్టు, ఒక టిఫిన్ డబ్బా పట్టుకుంది. బడికి సెలవు కావడంతో హర్షిత కూడా కూతుర్ని ఎత్తుకుని వెంట పోయింది. "నువ్వెందుకు?" అంటే, "మీకు తల తిరిగితే పట్టుకోవడానికి" అంది.

అంగడి నిండుగా ఉంది. బసవపున్నయ్య దుకాణం ముందు జనం ఎర్రమన్ను గడ్డలు ఏరుకుంటున్నారు. భద్రమ్మ ఎవరినీ పలకరించలేదు. పక్కనున్న కుళాయి దగ్గర బకెట్టు నింపింది. తన బస్తాలో గడ్డలు నాలుగు అందులో వేసి, చేత్తో రుద్ది, తీసి, దుకాణం బల్ల మీద వరుసగా పెట్టింది. పచ్చగా మెరిశాయి. తర్వాత బల్ల మీద అమ్మకానికి ఉన్నవే నాలుగు తీసి బకెట్టులో వేసింది.

"ఏం చేస్తున్నావు భద్రమ్మా? సరుకు పాడుచేయకు" అన్నాడు బసవపున్నయ్య, ఇంకా నవ్వుతూనే.

అవి కూడా పచ్చగానే తేలాయి. ఏరుకుంటున్న ఆడవాళ్లు చేతులు ఆపారు.

"ఇదేంది సావుకారి?"

"ఎండ తగిలింది. గోడౌను నిండా మిర్చి బస్తాలు. దుంపలు పెట్టే చోటు లేక వెనక ఎండలో ఉంచాం. అంతమాత్రానికేనా? రంగు మారితే రుచి మారుతుందా?"

"మన్ను ఎందుకు పూసినవ్?"

ఆయన నవ్వు కొంచెం తగ్గింది. "మన్ను లేకపోతే మీరే కొనరు. ఎర్రగా ఉంటేనే చేను సరుకంటారు. నీకు నేను మచ్చలవి ఇస్తానంటే ఏమన్నావు? తట్టు గడ్డలన్నావా లేదా? నీ నోటితోనే కదా ఇవి కావాలన్నావు?"

చుట్టూ ఉన్నవాళ్లు భద్రమ్మ వైపు చూశారు. నిజమే, తనే అడిగింది.

"అవ్" అంది భద్రమ్మ. "నేను అడిగిన. నేను మొద్దుదాన్ని. అందుకే నేను తిన్న. తిని పడిపోయిన. ఇంగ నీ వంతు."

టిఫిన్ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. లోపల ఆలుగడ్డ కూర, పులుసుతో.

"నీ గడ్డలే. పొద్దున్నే వండిన. మా దగ్గర గడ్డ వండినంక పిల్లలకు పెట్టేముందు పెద్దోళ్లు తిని కూసుంటరు. నువ్వు అంగట్ల పెద్దోనివి. ముందు నువ్వు తిను. తిని నా పక్కపొంటి గోడకు కూసో. నీకేం కాకపోతే నేను నీ కాళ్లకు మొక్కి పోత."

"పిచ్చి పట్టిందా నీకు?"

"తినరాదూ? రంగు మారితే రుచి మారదంటివి గద!"

ఎవరో నవ్వారు. ఇంకెవరో "తిను సేటూ, మేం గూడ చూస్తం" అన్నారు. బసవపున్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. గొడవ విని ఆయన భార్య పద్మావతమ్మ వెనక ఇంట్లోంచి వచ్చింది. బల్ల మీద పచ్చ గడ్డలు చూసి, సంగతి తెలియక, భర్తతో అమాయకంగా అంది:

"అదేంటండీ, ఆ ఎండలో పచ్చబడినవి మనింట్లోకి తేవద్దని మీరేగా అన్నారు? అవింకా పారేయలేదా?"

ఏరుకుంటున్నవాళ్లంతా బసవపున్నయ్య వైపు తిరిగారు.

భద్రమ్మ మెల్లగా ముందుకు వంగింది. "నీ ఇంట్లకు వద్దు" అంది. ఒక్కో మాటా విడివిడిగా. "మా పిల్లల పళ్లెంలకు ఫరవాలేదు."

ఆ మాట వినగానే హర్షిత కూతుర్ని గట్టిగా పొదువుకుంది. తలెత్తలేకపోయింది.

బసవపున్నయ్య ఏదో అనబోయాడు. ఎవరూ వినలేదు. భద్రమ్మ అప్పటిదాకా పట్టి ఉంచిన కోపం కోయ మాటలో తెగి పడింది. ఆమె ఏం తిట్టిందో అంగడిలో సగం మందికి తెలియదు, తెలిసిన సగం మంది ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. సగం బస్తా ఆయన బల్ల మీదే బోర్లించింది. గడ్డలు దొర్లి వీధిలోకి పోయాయి, ఒక్కరు కూడా ఏరుకోలేదు. ఎర్రమన్ను గడ్డలు సంచుల్లో వేసుకున్నవాళ్లు సంచులు ఒలకబోసి డబ్బులు వెనక్కి అడిగారు.

దుకాణం మూలన మచ్చల గడ్డల బస్తా ఇంకా అలాగే ఉంది. పోయిన అంగడిలో ఎవరూ కొనలేదు. భద్రమ్మ దాన్ని కాలితో తోసి, మూతి విప్పి, చేయి పెట్టి అడుగు దాకా తిప్పి చూసింది. గట్టిగానే ఉన్నాయి, కంపు లేదు. ఒకటి కోసి హర్షితకు చూపించింది. లోపల తెల్లగా ఉంది.

"ఇది తీసుకపోత" అంది. "ఇయ్యాల నీ నవ్వు వద్దు సావుకారి, బస్తా మూతి నేనే కుట్టుకుంట."

*

మర్నాడు బడిలో ఆలుగడ్డ కూర. భద్రమ్మ తోలు తీసింది, మచ్చ లోతుగా ఉన్నచోట కత్తి మొనతో తవ్వేసింది. కూర దించాక పళ్లెం నిండా పెట్టుకుని గోడ దగ్గర కూర్చుంది. హర్షిత కూడా పళ్లెం తెచ్చుకుని ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"నీకెందుకు? నేనున్న గద."

"నా పిల్ల తినేదే కదా. నేనూ కూర్చుంటాను."

"నీ పిల్ల ఒక్కతేనా?"

"అందరూ" అంది హర్షిత.

ఇద్దరూ తిన్నారు. ఇద్దరూ గోడకు ఆనుకున్నారు. ఈ కోపం ఇక్కడితో పోయేది కాదని భద్రమ్మకు తెలుసు. బసవపున్నయ్య దుకాణం మూసుకోడు. ఇంకో అంగట్లో, ఇంకో ఊళ్లో, ఎవరో ఒకరు ఎర్రమన్ను చూసి మురిసి కొంటూనే ఉంటారు. వచ్చే అంగడికి కూడా బకెట్టు పట్టుకుపోవాలి. కడిగి చూపించనిదే ఎవరి దగ్గరా కొనకూడదు. జనం నవ్వితే నవ్వనీ.

లేచి కొంగు దులిపింది. బెల్లు మోగింది. పిల్లలు వరుస కట్టారు. పళ్లెంలో పడిన ముక్కను వేలితో తిప్పి చూసి ఒకడు మూతి ముడిచాడు.

"అవ్వా, దీని మీద మచ్చున్నది."

"నీ ముక్కు మీద లేదార మచ్చ, దొంగ ఉడుతా? నిన్ను పారేసిన్నా? తిను!"